ఎన్‌ఎక్స్‌ఎఫ్1 తగ్గించినా వెస్టర్న్‌లో బ్యాండ్ తగ్గట్లేదు, ఎవరైనా చూడండి

మిర్చియార్డ్ (గుంటూరు): పొద్దున్నుంచీ ఇదే పని, తల తిరిగిపోతోంది. హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) ఎన్‌ఎక్స్‌ఎఫ్1కి, అంటే ఎంఆర్‌ఎన్‌ఏని న్యూక్లియస్ నుంచి బయటికి చేర్చే ప్రొటీన్‌కి, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (ఎంచుకున్న జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏని తెగ్గొట్టే చిన్న ఆర్‌ఎన్‌ఏ) వేశాను. ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచే క్యూపీసీఆర్‌లో అది పావు వంతుకి పడిపోయింది. యాంటీబాడీతో ప్రొటీన్‌ని పట్టి చూపే వెస్టర్న్‌లో మాత్రం 70 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ చెక్కుచెదరలేదు, పైగా కాస్త ముదిరింది! ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ దండగేనా?

ఐస్‌బకెట్ (బెజవాడ): ముందు చలి సంగతి చూసుకోండి. ఈ ఎండలకి ఐస్ ఇట్టే నీళ్లయిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌ని అరగంట ముందే 4 డిగ్రీలకి దించాలి. ప్రొటీన్‌ని తినే ఎంజైమ్‌లని ఆపే పీఎమ్‌ఎస్‌ఎఫ్ నీళ్లలో నిలవదు, బఫర్‌లో వాడే ముందే కలపాలి. మనవాళ్లు పొద్దున కలిపి సాయంత్రం వాడతారు, ఆ తర్వాత ఏడుస్తారు.

బందరుకాలువ: ప్రొటీన్ చెడితే బ్యాండ్ పోవాలి గురూ, ముదరదు. తమ్ముడూ, యాంటీబాడీ ఏది? ఎన్ని గంటలకి కణాలు తీశావు? పోలిక దేనితో?

మిర్చియార్డ్: ఫ్రిజ్‌లో పాతది ఉంటే వాడానన్నా, ట్యూబ్ మీద పెన్నుతో ‘టాప్’ అని ఉంది. 24 గంటలు. పోలిక ఏమీ వేయని కణాలతో.

బందరుకాలువ: ఇవి మొదట్లోనే చెప్పాల్సింది. ఎన్‌ఎక్స్‌ఎఫ్1 పాత పేరు టాప్. 11వ క్రోమోజోమ్ జన్యువు, 619 అమైనో ఆమ్లాల ప్రొటీన్. టాప్1 వేరు: 6వ క్రోమోజోమ్, పెప్టైడ్లని (ప్రొటీన్ ముక్కలని) కణం లోపలి ఈఆర్ అనే పొరల అరలోకి చేరవేసేది. నీ ట్యూబ్‌లో ఉన్నది దాని యాంటీబాడీ అయ్యుండొచ్చు. జెల్ మీద రెండూ 70 చుట్టుపక్కలే, అందుకే తేడా తెలియదు. పైగా ఇంటర్‌ఫెరాన్‌కి (వైరస్ వచ్చిందని కణాలు పంపే సంకేతం) టాప్1 పెరుగుతుంది, ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేసినప్పుడు కణాలు ఒక్కోసారి ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తాయి. నీ బ్యాండ్ ముదరడానికి నా అనుమానం అదే. ఏ జన్యువునీ తాకని ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ ఒకటి పక్కన వేసుంటే ఇది అప్పుడే తెలిసేది.

24 గంటలు కూడా తక్కువే. ఎంఆర్‌ఎన్‌ఏ పోయినా అంతకుముందు తయారైన ప్రొటీన్ మిగిలుంటుంది. 48కి ఒకటి, 72కి ఒకటి తియ్యి. మరీ ఆగితే కణాలే చస్తాయి, ఎన్‌ఎక్స్‌ఎఫ్1 లేకుండా బతకలేవు.

పాతపేపర్లు: టాప్ తప్పు పేరేం కాదండీ. హెర్పిస్ వైరస్ సైమిరి వారి టిప్ ప్రొటీన్‌కి అతుక్కునేది కాబట్టి ఆ పేరు. ఈస్ట్‌లో దీని జోడుని మెక్స్67 అన్నట్టే.

బందరుకాలువ: పేరు తప్పనలేదండీ, ట్యూబ్ మీద అదొక్కటే రాయడం తప్పన్నా.

పాతపేపర్లు: పోనీ న్యూక్లియస్ నుంచి రవాణా ఆపే మందు లెప్టోమైసిన్ బీ వేసి పోల్చుకోవచ్చుగా?

బందరుకాలువ: కూడదు. అది ఎక్స్‌పీఓ1 అనే వేరే రవాణా ప్రొటీన్‌ని ఆపుతుంది. మామూలు ఎంఆర్‌ఎన్‌ఏలో ఎక్కువ భాగం ఎన్‌ఎక్స్‌ఎఫ్1-ఎన్‌ఎక్స్‌టీ1 జోడీ మీదే బయటికొస్తుంది. సరైన యాంటీబాడీ వచ్చేలోపు సై3 అనే మెరిసే రంగు తగిలించిన ఒలిగో డీటీతో (ఎంఆర్‌ఎన్‌ఏ పాలీ-ఏ తోకకి అతుక్కునే డీఎన్‌ఏ ముక్క) ఫిష్ చెయ్యి తమ్ముడూ, ఆర్‌ఎన్‌ఏ కణంలో ఎక్కడుందో అది చూపిస్తుంది. నిజంగా తగ్గితే పాలీ-ఏ ఆర్‌ఎన్‌ఏ న్యూక్లియస్‌లో పోగుపడి మెరుస్తుంది.

ఐస్‌బకెట్: ఫిష్‌కి కణాలని ఉన్నచోటే బిగించే పారాఫార్మాల్డిహైడ్ తాజాగా కలపాలి, 4 శాతం.

మిర్చియార్డ్: ఆ పాత యాంటీబాడీ డబ్బా దొరికింది. దాని మీద టాప్1 అనే ఉంది. థ్యాంక్స్ అన్నా. గుంటూరులో ఎవరి దగ్గరైనా ఎన్‌ఎక్స్‌ఎఫ్1 యాంటీబాడీ ఉందా? 10 మైక్రోలీటర్లు చాలు.