మాయమైన వీధుల ఫొటోలకు ఏఐతో రంగులు వెయ్యొచ్చా?

ఇత్తడికొట్టు మనవరాలు:

హైదరాబాద్ బడీచౌడీ బజారు మొదట్లో మా తాతయ్యకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. రోడ్డు వెడల్పులో పోయింది. దాంతోపాటు వెనకున్న సందూ పోయింది. ఇప్పుడక్కడ నిలబెట్టి కొట్టు ఎక్కడుండేదో చూపించమంటే మా నాన్నే తడబడతాడు. మాకు మిగిలింది ఒకే ఒక్క ఫొటో. 1971లో తీసింది. అరచేతిలో సగం కూడా ఉండదు.

మా పెదనాన్న కొడుకు దాన్ని ఫోన్లో తీసి, ఏదో ఏఐ యాప్‌లో వేసి, రంగులద్ది, 'క్లియర్' చేసి, పాత వీధుల ఫొటోలు పెట్టుకునే మన ఈ గ్రూపులో పెట్టాడు. మీలో చాలామంది బాగుందన్నారు. వాడి మీద నాకు కోపం లేదు, ప్రేమతోనే చేశాడు. కానీ నేను దాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. బోర్డు మీద ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరుసలు ఉండాలి. ఉర్దూ వరుస ఉత్త మెలికలైపోయింది. 'పాత్రలు'లో 'త్ర' ఏ భాషలోనూ లేని అక్షరమైంది. గుమ్మం పక్కన దొంతరగా పేర్చిన బిందెలు స్టీలు రంగుకొచ్చాయి. మా తాతయ్య ఆ రోజుల్లో కొట్లోకి స్టీలు రానిచ్చేవాడు కాదు.

అవన్నీ ఓర్చుకోవచ్చు. మెట్ల మీద ఒక హమాలీ కూర్చుని ఉంటాడు. ఫొటో తీసే క్షణంలో తల తిప్పాడేమో, మొహం చెదిరిపోయింది. యాప్ ఆయనకు కొత్త మొహం పెట్టింది. కోటేరు ముక్కు, నున్నగా దువ్విన జుట్టు, పెదాల మీద చిరునవ్వు. నాన్న చూసి "ఇతనెవరు?" అని అడిగాడు. పదిహేనేళ్లు మా కొట్లో మూటలు మోసిన మనిషి ఆయన. నాన్నను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని కోఠీ దాకా తిప్పిన మనిషి. ఆయనకున్న ఫొటో ప్రపంచంలో ఇదొక్కటే కావచ్చు.

నేను అడిగేదల్లా ఒకటే. ఏఐ ముట్టుకున్న ఫొటోలు ఇక్కడ పెట్టొద్దు. చెదిరిన మొహం చెదిరినట్టే ఉండనిద్దాం.

న్యూజెర్సీ తెలుగువాడు:

మీ బాధ అర్థమైందండీ. అయినా పూర్తిగా ఆపెయ్యాలంటే ఒప్పుకోలేను.

మా అమ్మకు డెబ్భై తొమ్మిది. నాలుగేళ్లుగా ఇక్కడే మా దగ్గర ఉంటోంది. సుల్తాన్‌బజార్లో పుట్టి పెరిగింది. పాత నలుపు తెలుపు ఫొటోలు ఎన్ని చూపించినా "ఆహా" అని పక్కన పెట్టేసేది. ఆమె చూపుకు అదంతా బూడిద రంగు ముద్ద. పోయినేడాది ఒక ఫొటోకు రంగులు వేసి టీవీలో పెట్టాను. లేచి తెర దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి చూపిస్తూ గంటసేపు మాట్లాడింది. ఇక్కడ గాజుల దుకాణం, ఇక్కడ చెరుకు రసం బండి, ఈ మేడ మీదికి మేం ఆవకాయ ముక్కలు ఎండబెట్టడానికి ఎక్కేవాళ్లం అని. అదంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాను. రంగు లేకపోతే ఆ గంట నాకు దక్కేది కాదు.

ఇంకోటి. ఫొటోలకు రంగులు వెయ్యడం ఈ యాప్‌లతో మొదలైంది కాదు. మన తాతల కాలపు స్టూడియోల్లో కుంచెతో బుగ్గలకు గులాబీ రంగు, చీర అంచుకు బంగారు రంగు అద్దేవాళ్లు. అవి గోడలకు తగిలించుకుని దండలు వేశాం. అప్పుడెవరూ అబద్ధం అనలేదు కదా?

పాత డార్క్‌రూమ్:

ముప్పై ఏళ్లు ఫొటోలు కడిగే చీకటి గదిలో, అంటే డార్క్‌రూములో, చేతులు తడుపుకున్నవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

కుంచెతో రంగు వేసే మనిషి ఎదురుగా మీరు కూర్చునేవారు. చీర ఏ రంగని అడిగి వేసేవాడు. యాప్ ఎవర్నీ అడగదు, బూడిద రంగు చూసి ఊహిస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. వంద నూటపాతికేళ్ల కిందట ఫిల్ముకు బదులు కెమెరాలో వాడిన గాజు పలకలకు నీలం బాగా తెలిసేది, ఎరుపు దాదాపు తెలిసేది కాదు. అందుకే నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ కాలం ఫొటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది. ఎర్ర చీర నల్లగా పడుతుంది, లేత నీలం తలపాగా తెల్లగా పడుతుంది. అంటే ఆ పలక మీద నలుపు కనిపిస్తే అది నలుపే కానక్కర్లేదు. ఇవన్నీ తెలియని యాప్ ఎర్ర చీరకు నల్లరంగు ఖాయం చేసేస్తుంది, చూసినవాళ్లు ఆ రోజుల్లో ఆడవాళ్లు నల్ల చీరలు కట్టేవాళ్లనుకుంటారు.

మొహాలు చెదరడానికీ కారణముంది. వెలుతురు తక్కువైతే షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆగి ఉన్న గోడ స్పష్టంగా పడుతుంది, నడిచే మనిషి పొగలా పడతాడు. పాత వీధుల ఫొటోల్లో జనం తక్కువున్నట్టు కనిపించేది కొంత అందుకే. ఆ పొగను తుడిచేస్తే అక్కడ మనిషి నడిచాడన్న సంగతే పోతుంది.

గౌలిగూడ పోరడు:

అక్కా, నేను నీ దిక్కే. ఎందుకంటే ఇంట్ల సూస్కునేది వేరు, పది మందిల పెట్టేది వేరు.

మొన్న మా వాట్సాప్ గ్రూపుల ఒక రంగుల బొమ్మ వచ్చింది. '1908 మూసీ వరద అసలు ఫొటో' అని రాసిండ్రు. సెప్టెంబరు 28 నాడు అఫ్జల్‌గంజ్ కాడ నూట యాభై మంది ఎక్కి పానం కాపాడుకున్న చింతచెట్టు ఉండె కదా, గా చెట్టు. కొమ్మకొమ్మకు మనుషులు. ఎనక ఉస్మానియా దవాఖాన గుమ్మటాలు! గా బిల్డింగు వరద అయినంక కట్టిండ్రు. వరదల అదెట్ల ఉంటది? నేను చెప్తే "నువ్వు సూసినవా" అని నన్నే అడిగిండ్రు. మా నాయనమ్మ వాళ్ల నాయన గా వరదల ఇల్లు పోగొట్టుకున్నడు. గా రోజు వేలమంది సచ్చిపోయిండ్రు. గసొంటి దాన్ని ఉత్తుత్తి బొమ్మ చేస్తే నాకు మస్తు బాధైతది.

ఇంకో మాట. గౌలిగూడ పాత బస్టాండు షెడ్డు 2018 జులైల కూలింది. రోజూ దాని కిందికెళ్లి పోయినోణ్ణి, నా ఫోన్ల ఒక్క ఫొటో లేదు. పోయినంక ఏఐని అడిగేకన్నా ఉన్నప్పుడు ఒక ఫొటో కొట్టుంటే అయిపోవు.

మలక్‌పేట మాస్టారు:

చివరి మాట చాలా విలువైంది బాబూ.

పోయిన వీధి అంటే ఏది అన్న లెక్క ఇక్కడ ఎవరూ తేల్చలేదు. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారు రాతి కమాన్లు చూసి అదే అసలైన పాత హైదరాబాద్ అని మనం మురిసిపోతాం. ఆ వరస లేవడానికి ముందు అక్కడ ఇరుకు గల్లీలు, ఇళ్లు ఉండేవి. 1908 వరద, ఆ వెనకే 1911లో ప్లేగు వచ్చాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి వెడల్పు రోడ్లు, వరస దుకాణాలు కట్టారు. అంటే మనం దిగులు పడే వీధి ఇంకో వీధిని మింగి లేచింది. ఆ లోపలి గల్లీల ఫొటోలు దొరకడం మహా కష్టం. కెమెరా ఉన్నవాళ్లు ఎక్కువగా తీసింది ప్యాలెస్‌లు, వేటలు, ఊరేగింపులు.

మరి ఆ గల్లీలు ఎక్కడున్నాయంటే, పటాల్లో. లియొనార్డ్ మున్ ఆధ్వర్యంలో 1910ల్లో చేసిన మునిసిపల్ సర్వే పటాలు చూడండి. ఇంటింటి గోడ, సందు మలుపు గీశారు. నా దగ్గరకు ఎవరైనా పాత ఫొటో తెస్తే ముందు ఆ పటం తీస్తాను. మసీదు మినారు ఏ పక్కన పడింది, నీడ ఎటు వాలింది, గల్లీ ఎటు తిరిగింది అని చూసుకుంటే ఫొటోగ్రాఫరు నిలబడ్డ చోటు దాదాపు దొరుకుతుంది. యాప్ నీడ మార్చినా, మినారు సర్దినా ఆ పని ఇక చెయ్యలేం. పాత నగరం చుట్టూ కట్టిన ప్రాకారానికి డజనుకు పైగా దర్వాజాలుండేవి, ఇవాళ నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ రెండే. మిగతావాటిని మనం గుర్తుపట్టాలంటే ఇలాంటి ఫొటోలూ పటాలే దిక్కు.

న్యూజెర్సీ బాబూ, మీ అమ్మగారి ఆ గంట రికార్డింగు మీ రంగుల ఫొటో కన్నా ఎన్నో రెట్లు విలువైంది. ముందు దాన్ని భద్రంగా దాచండి. వీలైతే తెలుగులో రాసి పెట్టండి.

న్యూజెర్సీ తెలుగువాడు:

రాయిస్తాను మాస్టారూ. వరద బొమ్మ సంగతి విన్నాక ఒక మెట్టు దిగుతున్నాను. రంగులు వేసింది పెట్టేవాళ్లు కిందే అసలు ఫొటో కూడా పెట్టాలి, 'రంగులు వేసింది' అని బొమ్మ మీదే రాయాలి. పక్కన రాస్తే ఫార్వర్డ్ చేసేటప్పుడు ఆ మాట రాలిపోతుంది. కానీ నిషేధం మాత్రం వద్దు. చూపు తగ్గిన పెద్దవాళ్లకు ఈ వీధుల్లోకి అదొక్కటే దారి.

ఇత్తడికొట్టు మనవరాలు:

మీ అమ్మగారి గురించి చదివాక నేనూ కొంత మారాను. రంగుల వరకు మీరన్న షరతు మీద ఒప్పుకుంటాను. మొహాలు, బోర్డుల దగ్గర మాత్రం నేను దిగను. గోడకు తప్పు రంగు వేస్తే రేపు ఎవరైనా దిద్దుతారు. మనిషికి వేరే మొహం పెడితే, ఆయన్ని ఎరిగినవాళ్లు పోయాక దిద్దేవాళ్లుండరు. మా నాన్నకే డెబ్భై దాటాయి.

గౌలిగూడ తమ్ముడు అన్నది నిన్నంతా మనసులో తిరుగుతూనే ఉంది. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం దారుల్‌షిఫా, పురానీ హవేలీ వైపు కట్టడాలు కూలుస్తున్నారు. ఈ ఆదివారం పొద్దున నాన్నను తీసుకుని అటు వెళ్తున్నాను. ఇళ్ల ముందు భాగాలు ఒక్కటే కాదు, మెట్లు, లోపలి సందులు, దుకాణం బోర్డులు దగ్గర్నుంచి ఫొటోలు తీస్తాను. ఒప్పుకున్నవాళ్ల చేతే ఆ ఇంటి కథ రెండు ముక్కలు చెప్పించుకుంటాను. వచ్చేవాళ్లు ఉంటే రండి.

మా కొట్టు అసలు ఫొటోను స్కానర్ మీద పెట్టి, ముందువైపు, వెనకవైపు రెండూ కింద పెడుతున్నాను. ఏమీ దిద్దలేదు, అంచు మీద మరక కూడా అలాగే ఉంచాను. వెనక తాతయ్య చేతిరాతలో పెన్సిలుతో ఉన్నవి మూడు ముక్కలు: 'దీపావళి, 71, అందరం'. మెట్ల మీద ఎడమవైపు కూర్చున్నది ఆ హమాలీ. నాన్న ఆయన్ని 'మామా' అనే పిలిచేవాడట, అసలు పేరు గుర్తు రావడం లేదు. అప్పట్లో బడీచౌడీ, సుల్తాన్‌బజార్లలో మూటలు మోసిన కుటుంబాల వాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఈ ఫొటో మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. మొహం కనిపించదు. తల మీద గుడ్డ చుట్టిన తీరు, కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న పద్ధతి చూసి ఎవరైనా పోల్చుకోవచ్చు.