వీడని జంటా, విడని జంటా?

బైపీసీ పాతకాపు: నాలుగు రోజులుగా ఒక ముక్క నాలుక చివర ఆడుతోంది. కణవిభజన పాఠంలో చలనదశ (జంటగా ఉన్న క్రోమోజోములు విడిపోయి కణంలో చెరో వైపుకూ పోయే దశ) రాగానే మా జువాలజీ మాస్టారు సుద్దముక్కతో బోర్డు మీద కొట్టి అనేవారు: "వీడని జంట, పిల్లకు తంట". వీడనియా, విడనియా?

కండెపోగు: వీడని. గణాలు చూడండి. వీడని, పిల్లకు రెండూ భగణాలు. జంట, తంట గలాలు. విడని అంటే నగణం పడి తూకం పోతుంది.

పాత నిఘంటువు: ఆయన చెప్పింది పాఠమండీ, పద్యం కాదు. వీడడం ఒకరు వదిలిపోవడం: ఊరు వీడాడు. విడడం తనంతట ఊడిరావడం: చిక్కు విడింది. క్రొమాటిడ్లను (ఒకే క్రోమోజోమ్ జంట ప్రతులను) జిగురులా పట్టి ఉంచే కొహీసిన్‌ను సెపరేజ్ ఎంజైమ్ కత్తిరించకపోతే జంట విడదు. కాబట్టి విడని.

కండెపోగు: మరి కొప్పు వీడింది అనరా? అక్కడెవరు ఎవర్ని వదిలారు? తప్పంతా జిగురుదే అనుకోవడమూ సరికాదు. కండె పోగు (క్రోమోజోములను చెరో వైపుకూ లాగే దారం) ఒకటి పట్టుకోవాల్సిన వైపు పట్టుకోకపోయినా రెండూ ఒకే వైపు పోతాయి. మా ఇంట్లో మగ్గం ఉండేది, కండె సంగతి నాకు చెప్పకండి.

ల్యాబ్ కోటు: ఆ దీర్ఘం సరే, 'పిల్లకు' ఏకవచనం ఎలా కుదురుతుంది? మనిషి కణంలో ఉండాల్సినవి 46 క్రోమోజోములు; విభజనలో పుట్టిన ఒక పిల్లకణంలో 47 పడితే రెండోదానికి 45 మిగులుతాయి. అండం, వీర్యకణం తయారయ్యే క్షయకరణ విభజనలో మొదటి విడతలోనే జంట విడకపోతే నాలుగు కణాల్లోనూ లెక్క తప్పుతుంది: 23 ఉండాల్సింది, రెండింట్లో 24, రెండింట్లో 22. రెండో విడతలో అయితే రెండు బాగానే ఉంటాయి. అదనంగా పడింది 21వ క్రోమోజోమ్ అయితే డౌన్ సిండ్రోమ్. ఫ్రెంచి వైద్యుడు లెజ్యూన్ బృందం 1959లో బయటపెట్టింది అదే. (ఆ పిల్లల్ని తంట అంటే మాత్రం ఊరుకోను. తంట కణానికి.) 'పిల్లలకు' అనే ఉండాలి.

కండెపోగు: అప్పుడు ఛందస్సు చచ్చింది.

హరికథ పిచ్చి: అందరూ జరాసంధుణ్ణి మరిచారు! రాణులిద్దరూ చెరో సగం పండు తిని చెరో సగం బిడ్డను కన్నారు, జర సంధించింది. మా ఊరి హరిదాసుగారు గడ్డిపరక చీల్చి, కుడిముక్క ఎడమకి, ఎడమముక్క కుడికి విసిరి చూపించేవారు. చీలిస్తే చాలదు, చెరో దిక్కుకీ పోవాలి. చలనదశ అంటే అదే కదా!

పాత నిఘంటువు: హరికథ దాకా ఎందుకు, సభాపర్వం తీయండి. అక్షరరమ్యత అని నన్నయ ఊరికే చెప్పుకోలేదు. ఆ వచనం పైకి చదివితే హ్రస్వానికి హ్రస్వం, దీర్ఘానికి దీర్ఘం చెవిలో తేలిపోతాయి. రాత్రి తీసి, పన్నెండింటిదాకా పెట్టలేకపోయాను.

ల్యాబ్ కోటు: నన్నయ గురించి తర్వాత. నా మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నా. పిండంలో సమవిభజన (మామూలు కణవిభజన) అప్పుడు 21వ జంట విడకపోతే, 45 ఉన్న కణాల వరస మామూలుగా నిలవదు. 46 ఉన్నవీ 47 ఉన్నవీ కలిసి పెరుగుతాయి, అదే మొజాయిక్. అంటే తంటతో మిగిలేది ఒక్క పిల్లే.

కండెపోగు: ఏకవచనం గెలిచింది! పిల్ల అంటే ఆడపిల్ల కూడాను, ఇంగ్లీషువాళ్ల డాటర్ సెల్‌కి ఇంతకన్నా మంచి మాట దొరకదు.

బైపీసీ పాతకాపు: నా పక్క బెంచీవాడికి ఫోన్ చేశాను. వాడికి గుర్తున్నది "విడివడని జంట" అట.

కండెపోగు: ఆగండి, గణాలు లెక్కపెడుతున్నా.