డల్లాస్‌లో కొత్త ఉద్యోగం: జావా కోడుకు గ్రూవీలో టెస్టులు రాయవచ్చా?

ప్రశ్న (డల్లాస్ నుంచి)
హైదరాబాద్ నుంచి వచ్చి నెలైంది. ఆఫీసులో జావా కోడు పాతది, యూనిట్ టెస్టులు (కోడులో ఒక్కో ముక్కను విడిగా పరీక్షించేవి) దాదాపు లేవు. జావాతో కలిసి నడిచే గ్రూవీ భాషలో రాస్తానంటే మేనేజరు ఒప్పుకుంటారా?

జవాబు (గచ్చిబౌలి, పన్నెండేళ్లు అక్కడే ఉండి వచ్చాను)
తమ్ముడూ, మేనేజరు సంగతి తర్వాత. రాసిన టెస్టులు నడుస్తున్నాయో లేదో ముందు చూసుకో. తిరిగొచ్చాక మాదాపూర్‌లో చేరిన ఆఫీసులో, గ్రూవీలో టెస్టులు రాసే స్పాక్ వాడాం. ఫైళ్ల పేర్లన్నిటి చివరా 'స్పెక్' అని పెట్టాం. కోడును బిల్డ్ చేసే మావెన్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్, మనం చెప్పకపోతే, 'టెస్ట్' వంటి పేర్లనే వెతుకుతుంది. మూడు వారాలు బిల్డ్ అంతా బాగున్నట్టు పచ్చగా వెలుగుతుంటే మురిసిపోయాం. కొత్తగా చేరిన అమ్మాయి కావాలని ఒక అంకె తప్పు రాసింది. అప్పుడూ పచ్చే! లాగ్ తిరగేస్తే, నడపడానికి టెస్టులే లేవన్న వాక్యం రోజూ వస్తూనే ఉంది. ఈలోగా వడ్డీ లెక్కలో దూరిన తప్పు ఖాతాదారు దగ్గర బయటపడింది. తిట్లు మాత్రం నాకు.

జవాబు (కూకట్‌పల్లి)
అది ష్యూర్‌ఫైర్ కథ అన్నగారూ, గ్రూవీది కాదు. మావెన్ బదులు వాడే గ్రాడిల్‌కు పేర్లతో పనిలేదు, క్లాసులు చూసి టెస్టులను తానే గుర్తిస్తుంది. అసలు గండం అంకెలది. గ్రూవీలో 0.1 + 0.2 == 0.3 నిజం, ఎందుకంటే అక్కడ దశాంశం రాస్తే ఉన్నదున్నట్టు ఉంచే బిగ్‌డెసిమల్ అవుతుంది. జావాలో దాదాపు విలువనే ఉంచే డబుల్, కాబట్టి అబద్ధం. వడ్డీ లెక్కల్లో ఇదే కొంప ముంచేది.

జవాబు (గచ్చిబౌలి)
చేరి నెలైన పిల్లవాడు గ్రాడిల్‌కు మారదామని అడగాలా? మీరే వెళ్లి అడగండి.

జవాబు (ప్లానో, డల్లాస్ పక్కనే)
టెస్టులు సరే, కారు కొన్నారా? ఇక్కడ కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా రాదు.

జవాబు (అమీర్‌పేట, పాఠాలు చెబుతాను)
పైథాన్ వచ్చు కదా అని జావాపై నడిచే పైథాన్ అయిన జైథాన్ జోలికి మాత్రం వెళ్లకండి. అది పైథాన్ 2.7 దగ్గరే ఉంది, ఆ పైథాన్‌కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. మేనేజరుకు స్పాక్ పట్టిక చూపించండి: 'అసలు | శాతం | ఏడాది వడ్డీ', దాని కింద '10000 | 12 | 1200'. కోడు రానివారూ చదవగలరు. టెస్టు తప్పితే ఏ ముక్క విలువ ఎంతో ఆ ముక్క కిందే కనిపిస్తుంది. గ్రూవీని టెస్ట్ స్కోప్‌లో, అంటే టెస్టులకే పరిమితంగా, పెడితే అసలు జార్‌లోకి (బయటికిచ్చే ప్రోగ్రాము ఫైల్లోకి) రాదని కూడా చెప్పండి, వాళ్ల భయమంతా దాని గురించే.

ప్రశ్న అడిగినవారు
పేరు చివర 'టెస్ట్' అనే పెట్టాను. కావాలని తప్పు రాశాను, ఎర్రగా వచ్చింది. సోమవారం మేనేజరును అడుగుతాను.

జవాబు (గచ్చిబౌలి)
గ్రాడిల్ మాట ఎత్తకు.