కొటేషన్ తీసుకుని మళ్లీ కనపడనివాళ్లకి నెలకో ఈమెయిల్ రాస్తే పనవుతుందా?

బరంపురం పౌచ్‌లు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని బరంపురం, పెద్దబజారు దగ్గర చిన్న దుకాణం. అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు, జీడిపప్పు, కంధమాల్ పసుపు ప్యాక్ చేసి అమ్ముకునేవాళ్లకి పౌచ్‌లు, స్టిక్కర్లు, అట్టపెట్టెలు ఇస్తుంటాను. ఇటు ఛత్రపురం నుంచి అటు పర్లాకిమిడి దాకా గిరాకీ ఉంది.

నా బాధ కొన్నవాళ్లతో కాదు, కొననివాళ్లతో. దుకాణానికొచ్చి, పౌచ్ చేత్తో నలిపి, వాసన కూడా చూసి, రేటు కాగితం మీద రాయించుకుని, "ఇంట్లో మాట్లాడి చెప్తానన్నా" అని వెళ్తారు. అంతే సంగతి. వద్దు అని ఒక్కడూ అనడు. ఏడాది పోయాక వాళ్ల అప్పడాలు వేరేవాడి పౌచ్‌లో కిరాణా కొట్లో వేలాడుతూ కనిపిస్తాయి. ఆ మధ్య ఒకాయన్ని ఉండబట్టలేక అడిగేశాను. "అయ్యో, నువ్వు గుర్తే రాలేదయ్యా, ఆ రోజు చేతికి దొరికినవాడికి ఇచ్చేశాను" అన్నాడు. తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

ఇలాంటివాళ్ల కార్డులు ఒక మిఠాయి డబ్బా నిండా ఉన్నాయి. మొన్న సెలవులకి మా మేనల్లుడు వస్తే అన్నీ టైపు చేయించాను. మెయిల్ ఉన్నవి 212 తేలాయి. మనకి ఆత్రం ఎక్కువ కదా, ఆ రాత్రే రేట్ల పట్టీ పీడీఎఫ్ తగిలించి, 212 అడ్రసులూ పైన "టు" గడిలో పోసేసి పంపేశాను. పొద్దున్న లేచేసరికి కొంప మునిగింది. అందరి అడ్రసులూ అందరికీ కనిపించాయి. ఒకాయన "నన్ను తీసేయండి" అని అందరికీ పోయేలా జవాబు కొట్టాడు. దాని వెనక ఇంకో పదిమంది. ఆ డబ్బాలో నాలాగే పౌచ్‌లు అమ్మే ఇద్దరి కార్డులు కూడా ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. నా గిరాకీల జాబితా, నా రేట్లు, రెండూ పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టయింది. వారం తిరక్కుండా అందులో ఒకడు నా రేటు మీద పావలా తగ్గించి ఫోన్లు మొదలెట్టాడు.

సరే, తప్పు నాదే. ఇప్పుడు అడిగేది ఏంటంటే, అసలు ఈ మెయిల్ పని మనలాంటివాళ్లకి అవసరమా, వాట్సాప్ చాలదా? రాస్తే ఏం రాయాలి? ఇంకో చిక్కు, భాష. నా గిరాకీల్లో సగంమంది ఇంట్లో తెలుగే. కానీ చదువు ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. ఏ లిపిలో రాయను?

రాయగడ మోటర్లు

తమ్ముడూ, నేను పంపులు, మోటర్లు అమ్మబట్టి చాలా ఏళ్లయింది. మెయిల్ చూసి మోటరు కొన్నవాణ్ని ఇంతవరకు చూడలేదు. బండేసుకుని వెళ్లు, టీ తాగు, రా.

ఇంకో మాట. నీ దగ్గరున్న ఆ మెయిల్ ఐడీలు ఎవరివనుకుంటున్నావు? 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్ట్రేషన్‌కి మెయిల్ కావాలంటే ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు అప్పటికప్పుడు పుట్టించినవి. పాస్‌వర్డ్ వాడికే తెలుసు. నాదీ అంతే. ఆ కుర్రాడు ఇప్పుడు సూరత్‌లో ఉన్నాడు.

కిమిడి లెక్కలు

రాయగడ బాబాయిగారు అన్నదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం నుంచే మొదలెడతాను. నేను పర్లాకిమిడిలో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలు చూస్తాను. ఐదేళ్లుగా నెలకో ఉత్తరం మెయిల్‌లో పంపుతున్నాను. ఇప్పుడు 140 మందికి వెళ్తోంది. అందులో నా క్లయింట్లు నలభైమంది కూడా ఉండరు, మిగతా అంతా "చూసి చెప్తానమ్మా" బాపతే.

ముందు వాట్సాప్ సంగతి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే జాబితాలో, 256 మంది దాకా పడతారు గానీ, మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. ఒక్కసారి కొటేషన్ తీసుకుని వెళ్లిపోయినవాడు మీ నంబరు సేవ్ చేసుకుంటాడా అన్నా? మీకు ఎవరు కావాలో సరిగ్గా వాళ్లకే అది వెళ్లదు. గ్రూపు పెడితే మళ్లీ మీ "టు" గడి కథే, అందరి నంబర్లూ అందరికీ.

మెయిల్‌లో నాకు నచ్చేది వేరే ఉంది. అది అక్కడే పడి ఉంటుంది. చదవకపోయినా ఉంటుంది. 2024లో ఒక ఉత్తరం రాశాను. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) ఉన్న చిన్న యూనిట్ తయారుచేసిన సరుకు కొంటే, ఒప్పందం రాసుకుని ఉంటే 45 రోజుల్లోపు, రాసుకోకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి, గడువు దాటి మార్చి 31కి కూడా బాకీ ఉంటే ఆ మొత్తాన్ని ఆ ఏడు ఖర్చుగా చూపించుకోవడం కొన్నవాడికి కుదరదు అని. ఆ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సంగతి అది. అప్పుడు ఎవరూ పలకలేదు. పద్నాలుగు నెలల తర్వాత కాశీనగర్ వైపు రైస్‌మిల్లాయన ఒకరు ఫోన్ చేశారు. తనకి బాకీ పడ్డ పార్టీకి నా ఉత్తరాన్నే ఫార్వర్డ్ చేశారట, వాళ్లు సగం డబ్బు వేశారట. "ఎవరమ్మా నువ్వు, ఎక్కడుంటావు?" అని అడిగారు. అంతకుముందు రెండుసార్లు నా దగ్గరకొచ్చి ఫీజు ఎక్కువని వెళ్లిపోయిన మనిషే. ఇప్పుడు ఆయన లెక్కలు నేనే చూస్తున్నాను. వాట్సాప్‌లో పెట్టి ఉంటే ఆ మాట మర్నాటి గుడ్‌మార్నింగ్ పువ్వుల కింద పడి చచ్చిపోయేది.

ఇక ఏం రాయాలి. రేట్ల పట్టీ వద్దు. మీ రేటు వాడికి అవసరమైన రోజున కావాలి, మిగతా రోజుల్లో అది చెత్త. వాడి ప్యాకెట్ గురించి రాయండి. ఒక ఉత్తరానికి ఒకటే సంగతి. మచ్చుకి నేనైతే ఇలా రాస్తాను:

"మీ 200 గ్రాముల అప్పడాల ప్యాకెట్ మీద ధర 60 రూపాయలు అని ఉంటే, గ్రాముకి 30 పైసలు అని కూడా ఉండాలి. ఈ లెక్క వేయడం తప్పనిసరి. కిలోకి మించిన ప్యాకెట్ అయితే కిలోకి ఎంతో రాయాలి. కొత్త స్టిక్కర్లు ఎవరి దగ్గర వేయించినా సరే, అచ్చుకి ఇచ్చేముందు ఇది ఉందో లేదో ఒకసారి చూసుకోండి."

అయిపోయింది. ఆ "ఎవరి దగ్గర వేయించినా సరే" అన్న ముక్క మాత్రం తీసేయకండి.

భాష సంగతి వాళ్లనే అడగమంటాను. నేను మొదట తెలుగులోనే పంపాను. ఒకావిడ నాకు ఫోన్ చేసి "మా అబ్బాయి వచ్చేదాకా దాచాను, చదివి వినిపించాడు" అంది, తెలుగులోనే. అప్పట్నుంచి రెండు జాబితాలు పెట్టాను. ఒడియా లిపి వాళ్లకి ఒడియాలో, తెలుగు వాళ్లకి తెలుగులో. సంగతి ఒకటే. ఒడియా కాగితం మా ఆయన దిద్దుతారు, నాకు అందులో ఒత్తులు తప్పుతాయి.

ఆ 212లో మీరు మళ్లీ ఎవరికీ ఏమీ పంపకండి. ఒక్క క్షమాపణ తప్ప.

జయపురం సర్వర్లు

అక్క చెప్పిందంతా ఒక ఎత్తు, ఆ ఉత్తరం ఇన్‌బాక్స్‌లో పడటం ఒక ఎత్తు. అన్నా, మీరు పంపింది మామూలు జీమెయిల్ నుంచి అనుకుంటా. దానికి రోజుకి 500 మందే హద్దు. అడ్రసులు బీసీసీలో, అంటే ఒకరివి ఇంకొకరికి కనిపించని గడిలో, పెడితే మొన్నటి గొడవ జరిగేది కాదు, కానీ నెలనెలా అలాగే పంపడం కూడా మంచిది కాదు. వద్దన్నవాణ్ని తీసేయడానికి అందులో దారి ఉండదు. మీరు మర్చిపోతారు, వాడు స్పామ్ నొక్కుతాడు.

కొంతమంది ఏం చేస్తారంటే, జాబితాలో అందరికీ మెయిల్ పంపిపెట్టే న్యూస్‌లెటర్ సర్వీసు ఒకటి తీసుకుని, పంపేవారి అడ్రసుగా మాత్రం తమ జీమెయిల్‌నే పెడతారు. అది అసలే పనికిరాదు. వేరే సర్వరు నుంచి జీమెయిల్ పేరుతో వచ్చినదాన్ని గూగుల్ దొంగ సరుకులాగే చూస్తుంది. సొంత డొమైన్, అంటే మీ దుకాణం పేరుతో ఇంటర్నెట్‌లో ఒక చిరునామా, కొనుక్కోండి. దానికి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ఉంటాయి. మొదటిది ఈ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా. రెండోది ఉత్తరం మీద లక్క ముద్రలాంటిది, దారిలో ఎవరైనా మారిస్తే తెలిసిపోతుంది. ఆ రెండు పరీక్షల్లోనూ ఉత్తరం తప్పితే ఏం చేయాలో అవతలి సర్వరుకి చెప్పేది మూడోది. మూడూ డొమైన్ సెట్టింగుల్లో అతికించే రెండు మూడు లైన్లే, ఒక పూట పని. 2024 నుంచి జీమెయిల్ అడ్రసులకి రోజుకి 5000 పైగా పంపేవాళ్లకి ఈ మూడూ, ఒక్క నొక్కుతో మానుకునే లింకూ తప్పనిసరి చేశారు. మీరు ఆ లెక్కలోకి రారు. అయినా పెట్టుకోండి.

పీడీఎఫ్ తగిలించకండి. పౌచ్ ఫోటోలు డజను కుక్కకండి. ఉత్తరం కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ కింది భాగం కోసేస్తుంది, మానుకునే లింకు ఉండేది సరిగ్గా అక్కడే.

ఎంతమంది తెరిచారో చూపించే అంకె ఉంటుంది, దాన్ని నమ్మకండి. 2021లో ఆపిల్ వాళ్లు తమ మెయిల్‌లో మార్పు చేశాక, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్క పడొచ్చు. మా దగ్గర ఒకాయన ఆ అంకె చూసుకుని మీసం తిప్పేవాడు, ఆర్డర్లు మాత్రం సున్నా.

ఇంకొకటి, ఎవరో ఒకరు ఫోన్ చేసి "పదివేల మెయిల్ ఐడీలు ఇస్తాం, ఒడిశా వ్యాపారులవి" అంటారు. పెట్టేయండి ఫోన్.

బరంపురం పౌచ్‌లు

కోటి దండాలు. ఆ ఫోన్ నాకు రెండుసార్లు వచ్చింది తమ్ముడూ, రెండోసారి బేరం కూడా ఆడాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఈ వారం చేసింది చెప్తాను. క్షమాపణ ఒక్కొక్కరికి విడివిడిగా పంపాను, నాలుగు లైన్లు. నెలకి ఒక ఉత్తరం కావాలంటే "కావాలి" అని, ఒడియానా తెలుగా అని జవాబివ్వమన్నాను. జవాబు రాకపోతే మళ్లీ రాయనని కూడా రాశాను. 34 తిరిగొచ్చేశాయి, అడ్రసే లేదట. రాయగడ అన్న చెప్పిన ఇంటర్నెట్ సెంటర్ సరుకే కావచ్చు. 31 మంది కావాలన్నారు, 19 ఒడియా, 12 తెలుగు. 212 నుంచి 31కి పడ్డాను.

దుకాణంలో ఒక నోటుబుక్కు పెట్టాను. కొటేషన్ రాసిచ్చేటప్పుడు పేరు, మెయిల్, లిపి వాళ్ల చేతే రాయిస్తున్నాను. మెయిల్ నాకు చెప్పి రాయించినప్పుడు తప్పులు పడుతున్నాయి, వాళ్లే రాస్తే పడట్లేదు.

ఇది మొదటి ఉత్తరానికి రాసుకున్నది, చూసి చెప్పమ్మా: "గౌరవనీయులైన కస్టమర్ మహాశయులకు, నాణ్యతకు మారుపేరైన మా సంస్థ తరఫున హృదయపూర్వక శుభాకాంక్షలు. అత్యాధునిక ప్యాకేజింగ్ పరిష్కారాలతో..."

కిమిడి లెక్కలు

అన్నా, మీరు దుకాణంలో ఇలాగే మాట్లాడతారా? ఇది పెళ్లి శుభలేఖకీ బ్యాంకు నోటీసుకీ పుట్టిన బిడ్డలా ఉంది.

మొన్న ఎవరైనా వచ్చి ఏమడిగారో, మీరేం చెప్పారో అదే రాయండి.

తగ్గినందుకు బాధపడకండి. 31 మందీ చేయెత్తి అడిగినవాళ్లు.

బరంపురం పౌచ్‌లు

మొన్న అస్కా వైపు నుంచి ఒకావిడ వచ్చింది. వానాకాలంలో అప్పడాలు మెత్తబడి తిరిగొస్తున్నాయట, ఇంకా మందం పౌచ్ ఇమ్మంది. ఆవిడ ప్యాకెట్ తెచ్చి చూపించింది. పౌచ్ బాగానే ఉంది. సీలు దగ్గర పిండి పొడి పడి అతుకు సరిగ్గా అంటుకోలేదు. నీళ్లలో ముంచి నొక్కి చూపించాను, బుడగలు వచ్చాయి. పొడిగుడ్డతో మూతి తుడిచి సీలు వెయ్యమ్మా, మందం పౌచ్‌కి డబ్బులు దండగ అని పంపేశాను. నాకు అమ్మకం పోయింది.

ఇదే రాసేయనా?

కిమిడి లెక్కలు

ఇదే. ఒక్క అక్షరం మార్చకండి. బుడగల ఫోటో ఒకటి పెట్టండి, ఒక్కటే. వానలు ముదరకముందే, రజ పండగ మూడు రోజులూ వదిలేసి పంపండి.

బరంపురం పౌచ్‌లు

పంపాను. నలుగురు జవాబిచ్చారు. ఇద్దరు తాము కూడా నీళ్లలో ముంచి చూశామన్నారు. ఒకాయన గోపాల్‌పూర్ నుంచి, జీడిపప్పుకి కూడా ఇలాగే చూడొచ్చా అని. నాలుగో మెయిల్ నా రేటు మీద పావలా తగ్గించిన ఆ మహానుభావుడిది. తననీ జాబితాలో చేర్చమన్నాడు. చేర్చాను, ఒడియా వైపు.

రాయగడ మోటర్లు

మోటరు కాలిపోవడానికి ఓల్టేజీ ఒక్కటే కారణం కాదని నేను ఇరవై ఏళ్లుగా ఒక్కొక్కడికీ నోరు నొప్పెట్టేలా చెప్తున్నాను. జయపురం బాబూ, ఆ డొమైన్ ఎంతవుతుందో నాకు విడిగా చెప్పు. పౌచ్‌ల తమ్ముడూ, నన్నూ రాసుకో, తెలుగులోనే. సూరత్ కుర్రాడు ఫోన్ ఎత్తగానే మెయిల్ ఐడీ పంపుతాను.