తక్కువ వాటాకు ఒప్పుకుని పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరడం లాభమా, నష్టమా?

లెక్కలపుస్తకం:
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో టీవీ డబ్బు ముందు కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి) చేతికి వస్తుంది, అక్కడి నుంచి యూనివర్సిటీలకు వాటాలుగా వెళ్తుంది. 2024లో పడమటి తీరపు కాన్ఫరెన్స్ పాక్-12 చెదిరిపోయాక ఒరెగన్, వాషింగ్టన్ సగానికి దగ్గర వాటాతో బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) 30 శాతం వాటాకు ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లో చేరాయి. అప్పటివరకు అమెరికన్ కాన్ఫరెన్స్‌లో ఉన్న డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) అయితే 9 ఏళ్ళపాటు ఏసీసీ టీవీ వాటాయే వద్దంది. నా దృష్టిలో ఇది ఎదురుకట్నమే. లోటు చివరికి విద్యార్థుల ఫీజుల మీదో, యూనివర్సిటీ సాధారణ నిధి మీదో పడుతుంది.

డల్లాస్_గ్యాలరీ:
ఎస్‌ఎంయూ విషయంలో ఒప్పుకోనండి. ఏసీసీ పూర్తి వాటాతో పోల్చి నష్టం అనడం సరికాదు, ఆ వాటా వాళ్ళకు ఎవరూ ఇస్తామనలేదు. నిజంగా పోయింది అమెరికన్ కాన్ఫరెన్స్‌లో ఏడాదికి వచ్చే సుమారు 70 లక్షల డాలర్లు. తొమ్మిదేళ్ళకు 6.3 కోట్లు. బయటికి రావడానికి కట్టిన రుసుము 2.5 కోట్లు. రెండూ కలిపితే 8.8 కోట్లు. చేరిక ప్రకటించిన వారంలోపే దాతల నుంచి 10 కోట్లు సమకూరాయి. మొదటి ఏడాదే జట్టు జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్ళింది.

లెక్కలపుస్తకం:
దాతల సొమ్ము దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. హామీ వేరు, బ్యాంకులో పడ్డ నగదు వేరు. హామీ ఏళ్ళ తరబడి వాయిదాల్లో వస్తుంది. కోచ్ జీతం, విమానం బిల్లు నెలనెలా వస్తాయి. హామీ మొత్తాన్ని ఒకే ఏడాది ఆదాయంగా చూపించి ఖర్చు పెంచితే మూడో ఏటికి గండి పడుతుంది. ఎస్‌ఎంయూకు డల్లాస్ ధనికులున్నారు, అందరికీ ఉండరు కదా!

తీరం_నుంచి_తీరానికి:
వాటా పూర్తిగా వచ్చినా కష్టాలు తీరవు. లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీని చూడండి. పాక్-12లో చివరి ఏడాది 2023-24లో క్రీడా విభాగం లోటు 5 కోట్ల డాలర్లు దాటింది. బిగ్ టెన్‌కు వెళ్తున్నందుకు అదే కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థలోని కాల్‌కు ఏడాదికి కోటి చొప్పున మూడేళ్ళు ఇవ్వాలని ఆ వ్యవస్థ పాలకమండలి సభ్యులు (రీజెంట్లు) 2024లో తీర్మానించారు. ప్రయాణం, భోజనం, చదువు సాయం కలిపి అదనపు ఖర్చు ఏడాదికి సుమారు కోటి అని 2022లోనే అంచనా. అంటే 2 కోట్లు ముందే పోయినట్టు. దీనికితోడు హౌస్ సెటిల్‌మెంట్ (హౌస్ అనే ఆటగాడి పేరుతో నడిచిన కేసులో కోర్టు రాజీ) వల్ల 2025-26లో యూనివర్సిటీ తన ఆటగాళ్ళకు గరిష్ఠంగా 2.05 కోట్ల దాకా పంచవచ్చు. పోటీలో నిలవాలంటే పంచక తప్పదు.

ఇంకో మాట. ఖర్చు పెంచేది ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. అది వారానికి ఒక్క ఆట. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ జట్లు లాస్ ఏంజిలిస్ నుంచి న్యూజెర్సీలోని రట్గర్స్‌కు వెళ్ళాలి. రట్గర్స్, మేరీలాండ్ ఆటలను ఒకే ప్రయాణంలో ముగించేలా షెడ్యూల్ వేయకపోతే టికెట్లు, హోటళ్ళు రెండింతలవుతాయి, తరగతులూ పోతాయి.

క్లాజుల్లోనే_కథ:
అసలు కీలకం ఒప్పందంలోని నిబంధనలు. కొత్త సభ్యులకూ పాతవాళ్ళతో సమానంగా టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్ చెల్లించాలన్న నిబంధన ఏసీసీ ఒప్పందంలో ఉంది. స్టాన్‌ఫర్డ్, కాల్ చెరో 0.7 వాటా, ఎస్‌ఎంయూ 1 వాటా వదులుకుంటే ఏడాదికి 2.4 వాటాలు పాతవాళ్ళకు మిగిలాయి. పాత సభ్యుల్లో ఎక్కువమంది వీళ్ళను చేర్చుకోవడానికి ఓటు వేసింది అందుకే.

బయటికి వెళ్ళే దారి కూడా చూడాలి. ఏసీసీ సభ్యులైన ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ ఆ కాన్ఫరెన్స్‌పై వేసిన కేసుల రాజీలో నిష్క్రమణ రుసుము 2026కు 16.5 కోట్లుగా తేలింది. ఏడాదికి 1.8 కోట్లు తగ్గుతూ 2030-31కి 7.5 కోట్లకు దిగుతుంది. రుసుము కడితే టీవీ హక్కులూ వెంట వస్తాయి. ఆ వెసులుబాటు లేని చోట వెళ్ళిపోయినా సొంత మైదానం ఆటల హక్కులు పాత కాన్ఫరెన్స్‌వే.

ఒరెగన్ బేరం మాత్రం నాకు తెలివైనదే అనిపిస్తుంది. 3 కోట్లతో మొదలై ఏటా 10 లక్షలు పెరుగుతుంది, ఆరేళ్ళకు 19.5 కోట్లు. పాక్-12లోనే ఉంటే ఆటల ప్రసారానికి ఆపిల్ ఇస్తానన్నది ఏడాదికి సుమారు 2.3 కోట్లని వార్తలొచ్చాయి, అంతకు మించి రావాలంటే చందాదారులు పెరగాలి. పైగా తక్కువ వాటా గడువు, బిగ్ టెన్ ప్రస్తుత టీవీ ఒప్పందం రెండూ 2029-30తోనే ముగుస్తాయి. స్టాన్‌ఫర్డ్, కాల్‌కు పూర్తి వాటా వచ్చేది పదో ఏట. అప్పటికి ఏసీసీలో ఎవరుంటారో మరి?