మనిషి పోయాక ఆ ఇంటికి మనం ఇచ్చిన ఆసరా పనికొచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

గోదారిగట్టు
క్యాన్సర్ ముదిరి, ఇక వైద్యం లేదని ఇంటికి పంపేసినవాళ్లను చూసుకునే హోమ్ కేర్ టీమ్‌లో వాలంటీరుని. మనిషి పోయాక కూడా కుటుంబాన్ని పలకరిస్తూ ఉంటాం. ఆ పలకరింపు నిజంగా ఉపయోగపడుతోందా అన్నదే తెలియడం లేదు. అడిగితే "దేవుళ్లలా చూశారండి" అని దణ్ణం పెడతారు. మొహం మీద ఇంకోమాట ఎలా అంటారు? మీ ఇళ్లలో ఏం జరిగిందో చెప్పండి.

మానేరు పిల్ల
మా నాన్న పోయినప్పుడు ఆసుపత్రివాళ్లు పెద్దకర్మ రోజున ఫోన్ చేశారు. ఇంటినిండా చుట్టాలు. ఫోన్ ఎత్తిన బాబాయి "అంతా బాగుంది సార్, అయిదుకి అయిదు వేసుకోండి" అని పెట్టేశాడు. నాన్నకు టైముకి మార్ఫిన్ మాత్రలు వేసింది, ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది అమ్మ. ఆమెను ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. ఆ తర్వాత చాలాకాలం అమ్మ రాత్రి రెండింటికి లేచి కూర్చునేది. నాన్న నొప్పితో మూలిగే వేళ అది. అయిదుకి అయిదులో ఇది ఎక్కడుందండీ? దయచేసి సేవ చేసినవాళ్లనే అడగండి, అదీ చుట్టాలు వెళ్లిపోయాక.

తెల్లకోటు అక్క
పాలియేటివ్ కేర్ నర్సుని, అంటే నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ. మానేరు పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. మేము మొదటి నెలలో ఒకసారి, మూడో నెలలో, ఆరో నెలలో, సంవత్సరీకానికి ముందు వెళ్తాం. "మా సేవ ఎలా ఉంది" అని అడగం. నిద్ర పడుతోందా, పొయ్యి వెలిగిస్తున్నారా, పిల్లలు బడికి వెళ్తున్నారా, ఆయన మంచం ఏం చేశారు అని అడిగి రాసుకుంటాం. పోయినసారి రాసిందానితో పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు తెలుస్తుంది.

ఏడ్చే ప్రతివాళ్లకూ మందులు అక్కర్లేదు. మనిషి పనీపాటా సాగనివ్వని దుఃఖం ఆరు నెలలు దాటినా తగ్గకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 దాన్ని రుగ్మతగా గుర్తిస్తుంది. 2022లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎం-5-టీఆర్ పెద్దవాళ్లకు ఏడాది గడువు పెట్టింది. కానీ "నేనూ ఆయన దగ్గరికే పోతాను" అన్న మాట వినిపిస్తే ఏ గడువూ చూడకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎడిసన్ కోడలు
మేము న్యూజెర్సీలో ఉంటాం. ఇక్కడ మెడికేర్ (ప్రధానంగా పెద్దవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద నడిచే హాస్పిస్‌లు, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే సంస్థలు, మరణం తర్వాత ఏడాదిదాకా కుటుంబానికి ఓదార్పు సేవలు అందుబాటులో ఉంచాలి. దగ్గరుండి చూసుకున్నవాళ్లకు కొన్ని వారాలు ఆగి సర్వే పంపుతారు. అందులో నాకు నచ్చిన ప్రశ్న ఒకటుంది: తర్వాతి వారాల్లో మీకు దొరికిన మానసిక ఆసరా తక్కువైందా, సరిపోయిందా, మరీ ఎక్కువైందా? ఎక్కువైంది అని చెప్పే వీలుండటం మంచిదే, మా ఆడపడుచుకి ఆ ఫోన్లే టెన్షన్‌గా ఉండేవి. మా మామయ్యగారికి మాత్రం వచ్చిన ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే. ఒక్కటీ చదవలేకపోయారు.

పాలమూరు తమ్ముడు
మా వదినకు అన్నిటికన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చింది డెత్ సర్టిఫికెట్, బ్యాంకు కాగితాలు, పెన్షన్ దరఖాస్తు దగ్గరుండి చేయించిన వాలంటీరు. మీ ఫారంలో ఆ పని లెక్కకు వస్తుందా? పిల్లల్ని కూడా అడగండి. మా అన్న కొడుకు నాన్న కంచంలో తినడం మానేశాడు, ఆ జబ్బు తనకూ అంటుతుందని. కౌన్సెలర్ అడిగేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

గోదారిగట్టు
అందరికీ చాలా థాంక్స్. ఇకపై అడగడం మూడో నెలకి వాయిదా వేస్తాం, వేరే టీమ్ మనిషిని పంపుతాం. మా మొహం చూస్తూ మా లోపాలు చెప్పలేరు కదా. పిల్లల గురించి, కాగితాల గురించి ప్రశ్నలు చేరుస్తున్నాం.

తెల్లకోటు అక్క
మంచిది గోదారిగట్టు గారూ. ఇంకొక్కటి. ఫోన్ ఎత్తనివాళ్లను "స్పందన లేదు" అని రాసి జాబితాలోంచి తీసేయకండి. వాళ్ల పేర్లు విడిగా పెట్టుకోండి. ఆ ఊరి ఆశా వర్కర్‌తో కలిసి ముందు ఆ ఇళ్లకే వెళ్లండి.