నిదానం: నెమ్మదా, మూలకారణమా?

ప్రశ్న (కావలి)
మా కాలేజీ పిల్లలు వార్షికోత్సవంలో షేక్‌స్పియర్ "రోమియో జూలియట్" నుంచి కొన్ని ఘట్టాలు తెలుగులో వేస్తున్నారు. అనువాదం నాది. పెళ్ళికి తొందరపెడుతున్న రోమియోతో సన్యాసి లారెన్స్ అనే మాటకు "నిదానమే ప్రధానం నాయనా, పరుగెత్తే కాలే తడబడుతుంది" అని రాశాను. సంస్కృతం చెప్పే సహోద్యోగి ఒకరు "నిదానమంటే మూలకారణం, ఇక్కడ పొసగదు" అన్నారు. మాట మార్చాలా?

జవాబు (ఒంగోలు)
మార్చకండమ్మా. ఆయన చెప్పిందీ నిజమే, రోగనిదానంలో ఉన్నది ఆ అర్థమే. ఇంకా వెనక్కి వెళితే ఋగ్వేదంలో నిదానమంటే పశువును కట్టే తాడు. గిత్తలను పెంచే మా ఊళ్ళలో దాన్ని పలుపు అంటాం. తెలుగులోకి వచ్చాక ఆ మాట బతుకే వేరు. బస్సు దిగుతున్న ముసలమ్మతో కండక్టరు "నిదానంగా దిగమ్మా" అంటాడు. అందులో మెట్టు చూసుకొమ్మనే హెచ్చరిక కూడా ఉంది. నిదానించి చూడటమంటే పట్టి పట్టి చూడటం. మీ నాటకానికి ఈ చివరి అర్థమే ప్రాణం.

మందు తాగి చనిపోయినట్టు నిద్రపోతున్న జూలియట్ నిజంగానే చనిపోయిందనుకుని విషం తాగబోయే రోమియోను సమాధిలో తలుచుకోండి. జూలియట్ పెదవుల మీద, చెక్కిళ్ళ మీద ఎరుపు ఇంకా పోలేదని తన నోటితోనే అంటాడు. చూశాడు, నిదానించలేదు. కాసేపు ఆగి ఉంటే ఆమె కళ్ళు తెరిచేది. ఆ చోటికి వచ్చిన ప్రతిసారీ నాకు గుండె పట్టేస్తుంది.

పెద్దవాళ్ళు మాత్రం ఏం చేశారు? పొద్దున నిదానం బోధించిన ఆ సన్యాసే మధ్యాహ్నానికి రహస్యంగా పెళ్ళి జరిపించాడు. తండ్రి మరో వరుడితో కూతురి పెళ్ళి కుదిర్చి, దాన్ని గురువారం నుంచి బుధవారానికి లాగాడు. పద్నాలుగేళ్ళు నిండని జూలియట్ ఒక్కతే, కలిసిన రాత్రే, ఇదంతా మెరుపులా మరీ హఠాత్తుగా ఉందని పసిగట్టింది. అయినా ఆ రాత్రే పెళ్ళి మాట ఎత్తిందీ ఆమే.

వ్యాఖ్య (నెల్లూరు)
మాస్టారూ, "ఆలస్యం అమృతం విషం" అన్నదీ మన నానుడే కదా. జూలియట్‌ది మందు నిద్రేనని రోమియోకు చెప్పే సన్యాసి ఉత్తరం తీసుకెళ్ళాల్సిన మనిషిని ప్లేగు భయంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూసేశారు. అది అంది ఉంటే ఇద్దరూ బతికేవారు. దీన్ని విధి అనక ఏమంటాం?

జవాబు (ఒంగోలు)
ఆ తలుపులు ఈ ప్రేమికుల చేతిలో లేవు, ఒప్పుకుంటాను. కానీ జూలియట్ చావు కబురు తెచ్చిన సేవకుడిని రోమియో "సన్యాసి దగ్గర నుంచి ఉత్తరమేమీ లేదా?" అని రెండుసార్లు అడుగుతాడు. లేదనగానే "పోనీలే" అనేస్తాడు. వెంటనే నలభై డ్యూకట్లు (బంగారు నాణేలు) పెట్టి విషం కొంటాడు. ఉత్తరాన్ని ప్లేగు ఆపింది, సరే. ఆ రాత్రి తెల్లవారేదాకా ఆగవద్దని రోమియోకు ఎవరు చెప్పారు? అంతా నుదుటి రాత అనేస్తే ఆ "పోనీలే" మనకు వినబడదు.

ప్రశ్న (కావలి)
అయితే నానుడి ఉంచేస్తాను మాస్టారూ. ఇంకొక్కటి. జూలియట్ మేనమామ కొడుకు టైబాల్ట్‌ను చంపాక రోమియో అనే మాటకు "విధి చేతిలో కీలుబొమ్మనయ్యాను" అని రాశాను. మీ లెక్కన అది తీసేయాలా?

జవాబు (ఒంగోలు)
వద్దమ్మా. అది రోమియో మాట, అతను మనస్ఫూర్తిగా నమ్మి అంటున్నాడు. వేషం వేసే కుర్రవాడికి మాత్రం చెప్పండి: ఆ మాట అనేటప్పుడు కత్తి ఇంకా చేతిలోనే ఉండాలి.